చెమర్చిన రంజను మీద అప్పీలు

కొత్తగా సర్కారు కొలువులో చేరిన పిల్లలు అప్పుడప్పుడు మా ఇంటికి వస్తుంటారు. రిటైరైనవాళ్ళ దగ్గర ఖాళీ కుర్చీలు, నిండు కబుర్లు దొరుకుతాయని వాళ్ళ నమ్మకం. రాగానే మంచినీళ్ళిస్తాను. ఇంట్లో ఫ్రిజ్ ఉండగా మూలనున్న మట్టి రంజనులోంచి ఎందుకు ముంచి ఇస్తున్నానని ఎవరో ఒకరు అడుగుతారు. అడగాలనే అది ఆ మూల పెట్టానని వాళ్ళకు తెలియదు. ఆ రంజను పుట్టిన సంఘం ఒకప్పుడు సర్కారు టెండరులో ఓడిపోయి, ఆ ఓటమి మీద అప్పీలుకు పోయింది. అప్పీలు రాసింది నేనే. నా గొప్ప అంతవరకే.

నేను సహకార శాఖలో చిన్న ఇన్స్పెక్టరుగా ఉండేవాడిని. తెలంగాణ వచ్చిన కొన్నేళ్ళకు, కోస్గి దగ్గర ఒక కుమ్మరుల సహకార సంఘానికి కార్యదర్శి లేక పనులు ఆగిపోయాయని నన్ను డిప్యుటేషన్ మీద పంపారు. నేను పుట్టి పెరిగింది కేతేపల్లి వైపు, వరి మడుల మధ్య. మట్టి నా కాళ్ళకు అంటుకునేదే తప్ప చేతికి లొంగేది కాదు. చేరిన మొదటిరోజే సంఘం అధ్యక్షుడు నన్ను సారె ముందు, అంటే కుండలు చేసే చక్రం ముందు కూర్చోబెట్టి ఒక ముద్ద చేతిలో పెట్టాడు. నేను తీసింది గురుగో మూకుడో తేల్చలేక, కాల్పించి, చాలాకాలం దాన్ని బీడీ బూడిద రాల్చుకోవడానికి వాడుకున్నాడు. మట్టి పని వాళ్ళది, మట్టిబుర్ర నాది అని ఆ రోజే పంపకాలు తేలిపోయాయి.

సంఘంలో జీతగాళ్ళం ఇద్దరమే. రెండో ఆయన లెక్కలు చూసే పెద్దమనిషి. ఉర్దూ మీడియంలో చదివినవాడు. ఉర్దూలో కూడి, తెలుగులో రాసి, ఇంగ్లీషులో సంతకం పెట్టేవాడు. మూడు భాషల్లోనూ లెక్క సరిపోయేది. నన్ను సాబ్ అనేవాడు, నా ఫైళ్ళను మాత్రం ‘గీ బరువులు’ అనేవాడు. అధ్యక్షుడు సన్నగా, సారె తిప్పే కర్రలాగే ఉండేవాడు. ఎంత కోపమొచ్చినా గొంతు లేచేది కాదు. కుండబద్దలు కొట్టినట్టు మాట్లాడటం మా సంఘంలో సహజంగానే ఎవరికీ అలవాటు లేదు.

వాళ్ళ దగ్గర నేను నేర్చుకున్న పద్ధతి ఒకటుంది. ఈ కథకు అదే ఇరుసు. కుమ్మరి ఎప్పుడూ కుండను ఎండుగానే ఇస్తాడు. కొనే మనిషి దాన్ని చేతిలోకి తీసుకుని, వేలి కణుపుతో కొట్టి, చెవి దగ్గర పెట్టుకుని వింటుంది. ఖంగుమంటే తీసుకుంటుంది, బొంగురుపోతే పక్కన పెడుతుంది. మొదటి నీళ్ళు పోయడం ఆ ఇంటావిడ హక్కు. ఆ మొదటి రెండు రోజులూ రంజను గట్టిగా చెమరుస్తుంది, కింద నేల తడుస్తుంది, తర్వాత తనే సర్దుకుంటుంది. కుమ్మరే ముందుగా నీళ్ళు పోసి తడి కుండ ఇచ్చాడంటే ఏదో పగులు దాస్తున్నాడని లెక్క. తడిస్తే కుండ మోగదు కదా.

ఒక ఏడాది ఎండాకాలానికి ముందు జిల్లా కేంద్రంలోని ఒక ఆఫీసు టెండరు పిలిచింది. ఉపాధి పనులు జరిగేచోట, హాస్టళ్ళలో, దవాఖానల్లో తాగునీటికి మూతలతో సహా మట్టి రంజన్లు కావాలి. టెండరు అనే మాటకు ఇంగ్లీషులో ‘లేత’ అనే అర్థం కూడా ఉందంటారు. మాకు మాత్రం ముదురే తగిలింది. కానీ ఆ రోజు ఆ నోటీసు చూసి అధ్యక్షుడి ముఖం వెలిగిన తీరు నాకింకా కళ్ళముందే ఉంది. మా ధర తక్కువే ఉంటుందని, మట్టి రంజన్లకు మట్టి మనుషులను కాదని ఇంకెవరికి ఇస్తారని అనుకుని, ఆయన వెంటనే పూనాకు ఫోన్ చేశాడు.

పూనాలో ఆయన తమ్ముడి కొడుకు, కోడలు కాంక్రీటు పనిలో ఉన్నారు. ఆ కుర్రాడికి సారె మీద తాతగారి చెయ్యి వచ్చిందని ఊరంతా అనేవారు. ఆ చెయ్యి అక్కడ తట్టలు ఎత్తుతోంది. ‘ఎండాకాలమంత పనుంటది, వచ్చేయుండ్రి’ అని పెద్దాయన మాటిచ్చాడు. వాళ్ళు మేస్త్రికి చెప్పి, పాకను ఎవరికో అప్పగించి వచ్చేశారు. వచ్చిన మర్నాడే అతను సారె ఎక్కాడు. ఆమె పని మట్టి తొక్కడం, చేసిన రంజన్లను సుతిమెత్తగా చెక్కతో తట్టి అడుగులు మూయడం. ఆ తట్టుడు చప్పుడు నా ఆఫీసు గదిలోకి పొద్దున్నుంచీ వినబడుతుండేది. ఫైళ్ళ మధ్య అంత బాగా నిద్ర పట్టించిన చప్పుడు నా సర్వీసులో మరొకటి లేదు.

నమూనా పంపాల్సిన రోజు వచ్చింది. నోటీసులో నమూనా ‘వాడకానికి సిద్ధంగా’ ఉండాలన్న మాట ఒకటుంది. నాకు అనుమానం వచ్చి, రెండు రోజులు నానబెట్టి పంపుదామా అని మెల్లగా అడిగాను. అధ్యక్షుడు నన్ను చూసిన చూపులో, తన కూతురికి ఉన్న వయసు తగ్గించి చెప్పమన్నంత నొప్పి ఉంది.

“తడి కుండ పట్కపోతే పగులు దాచినమంటరు సారు. మా ఇంట్ల ఎవ్వడు తడి కుండ అమ్మలే. ఎండుదే ఇద్దాం. కొట్టి చూసుకోని తీస్కుంటరు.”

“వాళ్ళు కొట్టి చూడకపోతే?”

“కుండ కొనేటోడు కొట్టకుంట ఎట్ల కొంటడు సారు?”

ఎండు రంజనే పోయింది.

అక్కడ నిజంగానే ఎవరూ కొట్టి చూడలేదు. నమూనాలు పరీక్షించే బాధ్యత ఒక ఇంజనీరు మీద పడింది. ఆయన చెడ్డవాడు కాదు, ఆ మాట ముందే చెప్పాలి. ఆయన ఉద్యోగమంతా ట్యాంకులు, పైపులు. చేతికిచ్చిన ప్రొఫార్మా కూడా ట్యాంకులదే. అందులో ‘లీకేజీ’ అని ఒక గడి ఉంది. సాయంత్రం నీళ్ళు పోయించి, తాళం వేసి వెళ్ళాడు. పొద్దున వచ్చేసరికి మా రంజను చుట్టూ మడుగు. కింద పేర్చిన ఫైళ్ళు రెండు మూడు ఆ తడికి ఉబ్బి, నా చిన్నప్పటి మడుల్లో వరి విత్తనాల్లా మొలకెత్తడానికి సిద్ధంగా ఉన్నాయట. ఆయన గడిలో ‘ఉన్నది’ అని రాశాడు. సంఘం అనర్హం.

ఆర్డరు ఒక పట్నం వ్యాపారికి పోయింది. ఆఫీసులకు కుర్చీలూ బకెట్లూ కర్టెన్లూ సరఫరా చేసే మనిషి. ఆయన రంజనుకు లోపలా బయటా నున్నని రంగు. పైన జత చిలకలు. చుక్క నీరు బయటికి రాలేదు. లోపల నీళ్ళు చల్లబడనూ లేదు. కానీ చల్లదనానికి ప్రొఫార్మాలో గడి లేదు.

కబురు తెలిసిన రోజు మా దగ్గర ఎవరూ ఎవరినీ తిట్టలేదు. తట్టుడు చప్పుడు మాత్రం ఆగిపోయింది. కాల్చడానికి వాములో, అంటే కుండల బట్టీలో, పేర్చిన రంజన్లు అలాగే ఉండిపోయాయి. ఆర్డరు లేకుండా అన్ని రంజన్లు కాలిస్తే కొనేవాళ్ళెవరు? వంటచెరకు దండగ. కాల్చకుండా వదిలేస్తే ఒక వాన చాలు, అవన్నీ మళ్ళీ మట్టే. ఆ కుర్రాడు వాము పక్కన కూర్చుని ఫోన్‌లో పాత మేస్త్రితో మాట్లాడటం కిటికీలోంచి చూశాను. మాట వినబడలేదు. తల ఊపడం కనబడింది.

ఆ సాయంత్రం నోటీసు మళ్ళీ తీసి చదివాను. ఓడినవాళ్ళు, ఒప్పందం మీద సంతకాలు పడేలోగా, పై అధికారికి అప్పీలు చేసుకోవచ్చునన్న నియమం చివరి పేజీ అడుగున, చీమ తలకాయంత అక్షరాల్లో ఉంది. పిల్లలూ, మీరు ఎప్పుడైనా టెండరు నోటీసు చదివితే చివరి నుంచి మొదలుపెట్టండి. మనకు పనికొచ్చేవి అక్కడే దాచిపెడతారు.

నేను అప్పీలు రాయడానికి కూర్చున్నాను. నా రాతలో నాకు అప్పట్లో గొప్ప నమ్మకం. ‘విన్నవించుకొనునది ఏమనగా’ అని మొదలై, నా వాక్యం ఎక్కడ ముగుస్తుందో నాకే తెలియకుండా పేజీ తిరిగేది. లెక్కల పెద్దమనిషికి వినిపించాను. ఆయన కళ్ళద్దాలు తీసి తుడుచుకుని అన్నాడు:

“సాబ్, చదివేటోళ్ళకు గూడ దూపైతది గదా. జర చిన్నగ రాయుండ్రి.”

దూప అంటే దాహమని, ఆయన చెప్పింది మంచిమాటేనని ఒప్పుకుని మళ్ళీ రాశాను. కొత్త రంజను చెమరుస్తుంది, చెమర్చడం లీకేజీ కాదు. రెండు నమూనాలనూ నానబెట్టి మళ్ళీ పరీక్షించండి. నీళ్ళు ఆగుతున్నాయో లేదో చూసిన కళ్ళతోనే చల్లబడుతున్నాయో లేదో కూడా చూడండి. అంతే. నా జీవితంలో నేను రాసిన అతి పొట్టి కాగితం అదే. అందుకే కాబోలు దానికి జవాబు కూడా వచ్చింది.

మధ్యలో మా శాఖ పెద్దసారు ఫోన్ చేశాడు. సర్కారు జీతం తీసుకుంటూ సర్కారు ఇచ్చిన ఆర్డరు మీద అప్పీలేమిటి, ఇంతకీ నువ్వెవరి మనిషివని అడిగాడు. డిప్యుటేషన్ మీద ఉన్న మనిషిని సార్ అన్నాను. ఆయన నవ్వాడు. సరే, గెలిస్తే నాకు చెప్పు, ఓడితే నాకేం తెలియదు అని పెట్టేశాడు. సర్వీసులో నాకు దొరికిన అతి పెద్ద అండ అదే.

అదనపు కలెక్టర్ ముందు విచారణకు రోజు ఖాయమైంది. కూలీల కోసం మా వైపు వచ్చిన పాత మేస్త్రి ఆ సాయంత్రమే గుంపుతో పూనా బస్సు ఎక్కుతున్నాడు. కుర్రాడు అధ్యక్షుడితో ఉన్నమాట చెప్పాడు. ఇవ్వాళ తేలితే ఉంటాం, తేలకపోతే పోతాం, ఇంకో మేస్త్రి దొరకడు పెద్దబాపూ అన్నాడు. పెద్దాయన తలకు రుమాలు చుట్టుకుని, సరే బిడ్డా అని ఊరుకున్నాడు. ఇచ్చిన మాట బరువు ఆ రోజంతా ఆయన భుజం మీద కనబడుతూనే ఉంది.

మేం ట్రాలీ ఆటోలో బయల్దేరాం. అధ్యక్షుడు, లెక్కల పెద్దమనిషి, నేను, మా ఆఫీసు మూలనుండే చిన్న రంజను. రంజను ఎందుకంటారా? పెద్ద అధికారుల ముందు నిలబడితే నాకు నోరెండిపోతుంది. అంతకుముందు ఒకసారి ఇలాగే నోరెండి, నా పేరు అడిగితే నా ఊరు చెప్పాను. అందుకని లెక్కల పెద్దమనిషి దాన్ని గోనెసంచిలో చుట్టి, నిండా నీళ్ళు పోసి ఎక్కించాడు. సాక్ష్యంగా తీసుకుపోయామని తర్వాత చాలామంది మెచ్చుకున్నారు. తెలివి మాదని అనుకుంటున్నారు కదా అని మేమూ కాదనలేదు. తీసుకుపోయింది నా గొంతు కోసం.

అదనపు కలెక్టర్ మా అమ్మాయి కంటే చిన్నది. గదిలో చల్లగాలి యంత్రం పాడైపోయి ఉంది. పైన ఫ్యాను తిరుగుతోందంటే తిరుగుతోంది. ఒక మూల పట్నం వ్యాపారి రంజను, చిలకలతో. ఆమె పొద్దున్నే దాన్ని నింపించి పెట్టించిందట. మా నమూనా కూడా పక్కనే ఉంది, ఎండుగా. మొదటి పరీక్ష తర్వాత దాన్ని గోడవారగా బోర్లించేశారు. మేం తెచ్చిన రంజనును అటెండరు గుమ్మం దగ్గర దింపించాడు.

ఆమె ముందు ఇంజనీరును అడిగింది. ఆయన ప్రొఫార్మా చూపించాడు. తర్వాత నన్ను అడిగింది. నేను లేచి నిలబడ్డాను. అనుకున్నట్టే గొంతు మూతబడింది. లెక్కల పెద్దమనిషి గబగబా రంజను దగ్గరికి పోయి గ్లాసు ముంచి తెచ్చాడు. ఇంజనీరు అటు చూసి, గుమ్మం దగ్గర నేలంతా తడిసి ఉండటం చూపించాడు.

“చూడండి మేడం, ఇప్పుడు కూడా కారుతోంది.”

ఆమె నేలను చూసింది. నా చేతిలోని గ్లాసును చూసింది. గ్లాసు మీద నీటి బిందువులు. నేను తాగేలోగా, ఆ నీళ్ళు తనకూ ఒక గ్లాసు ఇమ్మంది. తాగింది. చిలకల రంజనులోంచి ఒక గ్లాసు తెప్పించుకుంది. ఒక గుక్క తాగి బల్ల మీద పెట్టింది. పట్నం వ్యాపారి ఆ గ్లాసునే చూస్తూ కూర్చున్నాడు. అది తర్వాత ఎవరూ ముట్టుకోలేదు.

“నమూనా వాడకానికి సిద్ధంగా ఉండాలని నోటీసులో ఉంది. నానబెట్టి ఎందుకు పంపలేదు?” అని ఆమె అధ్యక్షుణ్ణి అడిగింది. నేను జవాబు చెప్పబోయాను. ఆమె చేత్తో ఆపింది.

పెద్దాయన చేతులు కట్టుకుని చెప్పాడు. “తడిపి ఇస్తే మోగదు తల్లీ. మోగకుంటే కొనేటోళ్ళకు పగులు తెలువదు. దాచి అమ్ముడు మాకు రాదు. గందుకే ఎండుది ఇచ్చినం.”

ఆమె లేచి గోడవారనున్న మా నమూనా దగ్గరికి వెళ్ళింది. వంగి, వేలి కణుపుతో కొట్టింది. ఆ చప్పుడు గది దాటి వరండాలోకి పోయింది. ఆమె ఇంకోసారి కొట్టింది, ఈసారి కొంచెం చెవి వంచి. ఏ ఊళ్ళో నేర్చుకుందో, ఎవరి పక్కన నిలబడి నేర్చుకుందో, ఆ చెవి వంచడంలోనే తెలిసిపోయింది.

ఇంజనీరు కూడా మెత్తబడ్డాడు. మా ఇంట్లోనూ రంజనే మేడం, కిందంతా తడే ఉంటుంది, కానీ ఈ గడిలో చెమట అని ఎక్కడ రాయను అన్నాడు. ఆ మాటకు నాకు ఆయన మీద మనసు కరిగింది. గడుల మధ్య బతికినవాణ్ణే కదా నేనూ.

తర్వాత ఆమె కుర్చీలో కూర్చుని స్టెనోకు చెప్పడం మొదలుపెట్టింది. రెండు నమూనాలనూ ఇసుక మీద నిలిపి, నానబెట్టి, నీటి వేడి కొలిచి మళ్ళీ నివేదిక ఇవ్వాలి. అంతవరకు ఒప్పందం ఆగాలి. ఉత్తర్వులు రిజర్వు. చెబుతూ చెబుతూ, కాగితం మీంచి కళ్ళెత్తకుండానే, ఖాళీ గ్లాసున్న చెయ్యి పక్కకు చాపింది. లెక్కల పెద్దమనిషి అటెండరు కంటే ముందు లేచి మా రంజనులోంచి నింపి ఇచ్చాడు. ఆమె తాగింది, చెప్పడం కొనసాగించింది.

ట్రాలీ ఆటోలోనే తిరిగి బయల్దేరాం. గెలిచామో ఓడామో తెలియని కాగితం పట్టుకుని పోతున్నాం. ఇవ్వాళ తేలాలన్నది ఇవ్వాళ తేలలేదు. నేను ఓదార్పుగా ఏదో అనబోయి, నా వాక్యాల పొడుగు గుర్తొచ్చి మానుకున్నాను.

కోస్గి బస్టాండులో దిగేసరికి పూనా బస్సు నిలబడి ఉంది. కుర్రాడు బస్సు పైన, మూట అందుకుని తాడు కడుతున్నాడు. కింద అతని భార్య, చంకలో సంచి. మేస్త్రి తలుపు దగ్గర నిలబడి తలలు చూసుకుంటున్నాడు. పెద్దాయన కోడలి ముందుకు పోయి నిలబడ్డాడు. నేనే చెప్పాను, ఉత్తర్వులు రిజర్వు చేశారని.

“రిజర్వు అంటే ఏంది సారు?” అన్నదామె.

“పక్కన పెట్టారమ్మా. మళ్ళీ పరీక్ష చేసి చెప్తారు.”

మేస్త్రి నవ్వాడు. “రిజర్వు సీట్లు నా కాడ గూడ ఉన్నయి. ఎక్కుండ్రి, పొద్దు పోతాంది.”

ఆమె అతన్ని పట్టించుకోలేదు. మామ వంక కాదు, లెక్కల పెద్దమనిషి వంక చూసింది. “చాచా, ఆ మేడం మన నీళ్ళు తాగిందా?”

“తాగింది బిడ్డా.”

“ఒక్క గిలాసేనా?”

“రెండు. రెండోది అడగలే. చెయ్యి చాపింది.”

ఆమె కాసేపు ఆ మాటను మనసులో కొట్టి చూసుకున్నట్టు నిలబడింది. తర్వాత తల పైకెత్తింది.

“ఏమయ్యా, మూట దించు.”

“ఆర్డరు రాలే గదనే,” అన్నాడు అతను పైనుంచి.

“రెండోపారి చెయ్యి చాపినంక ఇంకేం ఆర్డరు? దించు అంటున్న గద.”

మూట దిగింది. బస్సు పోయింది. ఉత్తర్వు చేతికి రాకుండానే, నేను వద్దని అన్నా వినకుండా, వాళ్ళు మర్నాడు పొద్దున్నే వాము అంటించారు. పొగ నా కిటికీలోంచి వచ్చి ఫైళ్ళన్నిటి మీదా కూర్చుంది. నేను దగ్గుతూ, భయపడుతూ, అంత సంతోషంగా ఉన్న రోజులు నా కొలువులో ఎక్కువ లేవు.

ఉత్తర్వు తర్వాత వచ్చింది, రంజన్లు చల్లారి వాము విప్పిన వేళకు. పట్నం వ్యాపారికిచ్చిన ఆర్డరు రద్దు. మా నమూనా అర్హం. ఆ ఏడు ఎండల్లో పనిచేసిన చాలామంది మా నీళ్ళే తాగారు. ఆ జంట మళ్ళీ పూనా పోలేదు. ఈ మూలనున్న రంజను అడుగు మూసింది ఆ అమ్మాయి చేతి చెక్కే. పెద్దసారుకు ఫోన్ చేసి గెలిచామని చెప్పాను. నాకు ముందే తెలుసయ్యా అన్నాడు.

ఉత్తర్వు కాగితాలు చాలానే ఉన్నాయి. నియమాలు, కొలతలు, ఇసుక మీద నిలిపిన సంగతి, లీకేజీకీ చెమరింపుకూ తేడా, అన్నీ చక్కగా రాశారు. రెండో గ్లాసు సంగతి మాత్రం అందులో ఎక్కడా లేదు. వెతికి వెతికి చూశాను.

అందుకే మా ఇంటికి వచ్చే పిల్లలకు మొదటి గ్లాసు నేనే తెచ్చి ఇస్తాను. రెండోది కావాలా అని మాత్రం అడగను. ఊరికే కబుర్లు చెబుతూ, వాళ్ళ చేతి వంక చూస్తూ కూర్చుంటాను.